30 పీసీల ల్యాబుకి డెబియన్: ఒకటి సెట్ చేసి డీడీ కొట్టడమా, లైవ్‌బిల్డ్‌తో ఇమేజ్ కట్టడమా?

గడ్డిపరక64:
ఒకే మోడల్ పీసీలు 30. 4 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్‌ఎస్‌డీ. డెబియన్ 12 లినక్స్, లిబ్రే ఆఫీస్, తెలుగు టైపింగ్ కావాలి. ఒక పీసీ సెట్ చేసి మిగతావాటికి డీడీ (డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ చేసే కమాండ్) కొడితే పోదా? ఇంతదానికి లైవ్‌బిల్డ్ (సెట్టింగుల ఫైళ్ల నుంచి డెబియన్ ఇమేజ్ కట్టే టూల్) నేర్చుకోవాలా?

డీడీదాసు:
అక్కర్లేదు. హార్డ్‌వేర్ ఒకటే కదా, క్లోన్ చేసెయ్యండి. ముందు ఖాళీ జాగాని సున్నాలతో నింపండి. లేకపోతే ఇమేజ్ కంప్రెస్ కాదు, పైగా మీరు డిలీట్ చేశాననుకున్న వైఫై పాస్‌వర్డ్ కూడా 30 డిస్కులకీ ఎక్కుతుంది. చివరి పార్టిషన్‌ని కుదించి అంతవరకే ఇమేజ్ తియ్యండి. 120 జీబీ అని రాసున్న డిస్కులన్నిట్లో సెక్టార్ల లెక్క ఒకటే ఉండదు. చిన్నదానికి డీడీ చివరిదాకా వెళ్లి జాగా లేదని ఆగిపోతుంది.

చిట్టెలుక_రూట్:
దాసు గారూ, అలా కుదిస్తే డిస్కు చివరుండే జీపీటీ (పార్టిషన్ల పట్టిక) బ్యాకప్ హెడర్ ఇమేజ్‌లోకి రాదు. ప్రతి పీసీలోనూ ఎస్‌జీడిస్క్ కమాండ్‌తో దాన్ని మళ్లీ చివరికి రాయాలి. అసలు చిక్కు అది కాదు. మెషీన్ ఐడీ (సిస్టమ్ గుర్తింపు సంఖ్య), ఎస్‌ఎస్‌హెచ్ హోస్ట్ కీలు (దూరం నుంచి లాగిన్ అయ్యేటప్పుడు పీసీని గుర్తుపట్టే కీలు) 30 పీసీల్లోనూ ఒకటే అవుతాయి. డీహెచ్‌సీపీ (ఐపీ అడ్రస్‌లు పంచే సర్వర్) అందరికీ ఒకే ఐపీ ఇస్తుంది.

డీడీదాసు:
ఒకే ఐపీ గొడవ సిస్టమ్‌డీ నెట్‌వర్క్‌డీ అనే నెట్‌వర్క్ సర్వీస్ వాడితేనే, అది గుర్తింపుని మెషీన్ ఐడీ నుంచి తీస్తుంది. డెస్క్‌టాప్‌లో ఉండేది నెట్‌వర్క్ మేనేజర్, అది మామూలుగా మ్యాక్ అడ్రస్‌తోనే (నెట్‌వర్క్ కార్డు నంబరు) అడుగుతుంది. కీల సంగతి మాత్రం ఒప్పుకుంటా. ఒక పీసీలోంచి ప్రైవేట్ కీ పోతే 30 పోయినట్టే. మెషీన్ ఐడీ ఫైలుని తీసెయ్యకండి, ఖాళీ చెయ్యండి, మొదటి బూట్‌లో అదే పుడుతుంది. కీలు తీసేస్తే డెబియన్ 12 తనంతట తాను పుట్టించదు, మొదటి బూట్‌లో ఎస్‌ఎస్‌హెచ్ కీజెన్ నడిపే సర్వీస్ ఒకటి పెట్టాలి.

చిట్టెలుక_రూట్:
ఇన్ని గుర్తుపెట్టుకుని చేతితో చేసే బదులు లైవ్‌బిల్డ్‌లో ఈ రెండూ తుడిచే హుక్స్ (కట్టేటప్పుడు నడిచే స్క్రిప్టులు) ముందే ఉన్నాయి. ఖాళీ డైరెక్టరీలో ఎల్‌బీ కాన్ఫిగ్, ఆ తర్వాత రూట్‌గా ఎల్‌బీ బిల్డ్ కమాండ్లు నడపాలి. జనం ఎక్కువగా తప్పేది ఇక్కడ:

ఆర్కైవ్ ఏరియాల్లో (ప్యాకేజీల విభాగాలు) నాన్‌ఫ్రీ ఫర్మ్‌వేర్ విడిగా రాయాలి. డెబియన్ 12 నుంచి అది వేరే భాగం. పాత ట్యుటోరియల్ చూసి వదిలేస్తే వైఫై లేవదు.

ప్యాకేజీల జాబితా ఫైలు పేరు చివర లిస్ట్, దాని తర్వాత సీహెచ్‌రూట్ పెట్టాలి. లిస్ట్ లేకపోతే ఆ ఫైలుని చూడనట్టే పోతుంది, సీహెచ్‌రూట్ లేకపోతే ఆ ప్యాకేజీల ఇంకో కాపీ ఐఎస్ఓలోకి కూడా ఎక్కుతుంది.

యూజర్ సెట్టింగులు హోమ్‌లో కాదు, ఈటీసీలోని స్కెల్‌లో (కొత్త యూజర్ హోమ్‌కి నమూనా ఫోల్డర్) పెట్టాలి. యూజర్ పుట్టేది బూట్ అయ్యాకే.

నోఎగ్జెక్, నోడెవ్‌తో (ప్రోగ్రాములు నడవనివ్వని, డివైస్ ఫైళ్లు ఒప్పుకోని ఆప్షన్లు) మౌంట్ అయిన డిస్కు మీద కడితే డెబూట్‌స్ట్రాప్ (బేస్ సిస్టమ్ కట్టే టూల్) మొదట్లోనే మొరాయిస్తుంది.

తెలుగుకి ఫాంట్స్‌తెలు, ఐబస్ ఎమ్‌17ఎన్ ప్యాకేజీలు చాలు. ఇన్‌స్క్రిప్ట్ కావాలంటే కీబోర్డ్ లేఅవుట్ ఇన్, వేరియంట్ టెల్.

డీడీదాసు:
బాగుంది. కానీ లైవ్‌బిల్డ్ వాడేవాళ్లు చెప్పే "రెసిపీ ఉంది, ఎప్పుడైనా మళ్లీ కడతా" అనేది సగం మాటే. ఆరు నెలలాగి కడితే మిర్రర్‌లో (ప్యాకేజీలు దించుకునే సర్వర్) ప్యాకేజీలు మారిపోయి ఉంటాయి. నా క్లోన్ ఫైలు మారదు.

బూట్‌బండి:
దానికే డెబియన్ స్నాప్‌షాట్ ఆర్కైవ్ (పాత తేదీల ప్యాకేజీలు దాచే చోటు) ఉంది, తేదీ పెట్టి మిర్రర్‌గా ఇవ్వండి. సెక్యూరిటీ రిపాజిటరీ రిలీజ్ ఫైలుకి గడువు దాటిందని ఆప్ట్ (ప్యాకేజీలు దించే టూల్) ఒప్పుకోదు, ఆ తనిఖీ ఆపాలి. కట్టడమయ్యాక మళ్లీ పెట్టడం మర్చిపోకండి.

నన్నడిగితే ఇద్దరూ వేర్వేరు పనుల గురించి కొట్టుకుంటున్నారు. కట్టడం లైవ్‌బిల్డ్‌తో, పంచడం క్లోన్‌తో. లైవ్‌బిల్డ్‌తో వచ్చిన ఐఎస్ఓని (ఇన్‌స్టాల్ ఇమేజ్ ఫైలు) ఒక పీసీలో ఇన్‌స్టాల్ చేసి, యూజర్ లాగిన్ కాకముందే క్లోన్‌జిల్లాతో (డిస్కులు క్లోన్ చేసే టూల్) ఇమేజ్ తీసి మల్టీకాస్ట్‌లో (ఒకేసారి అన్నిటికీ) 30కీ పంపండి. ఇన్‌స్టాలర్ నడిచాక, అది ఒక్కసారి బూటయ్యాక మెషీన్ ఐడీ మళ్లీ పుట్టేసి ఉంటుంది. ఇమేజ్ తీసేముందు దాసు గారు చెప్పిన ఆ రెండు తుడుపులూ (మెషీన్ ఐడీ, ఎస్‌ఎస్‌హెచ్ కీలు) తప్పవు.

గడ్డిపరక64:
అంటే హుక్స్ ఉన్నా చేత్తో మళ్లీ తుడవాలా?

బూట్‌బండి:
అవును. హుక్ తుడిచేది ఐఎస్ఓలో. మీరు క్లోన్ చేసేది డిస్కుని.