ఒంటికి దారుఢ్యం రావాలంటే జిమ్, శిక్షకుడు తప్పనిసరా?

ప్రశ్న:
జిమ్‌లో చేరాలి, మంచి బూట్లు కొనాలి, శిక్షకుణ్ణి కుదుర్చుకోవాలి అనుకుంటూ ఆరు నెలలుగా వ్యాయామాన్ని వాయిదా వేస్తున్నాను. ఇవేవీ లేకుండా బలం పుంజుకోవడం నిజంగా సాధ్యమేనా, లేక అది ఖర్చు పెట్టలేనివారు చెప్పుకునే ఊరడింపు మాటా?

మొదటి జవాబు:
సాధ్యమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో పెద్దలకు సూచించినది వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ, దానితోపాటు కనీసం రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. అవి ఫలానా యంత్రం మీదే చేయాలన్న నియమం లేదు. 1953లో బ్రిటన్ వైద్య పరిశోధకుడు జెర్రీ మోరిస్ బృందం లండన్ బస్సు సిబ్బందిని పరిశీలించి, కూర్చుని బండి నడిపే డ్రైవర్లకంటే రెండంతస్తుల బస్సుల్లో రోజంతా మెట్లెక్కి దిగే కండక్టర్లలో గుండెజబ్బు తక్కువని చూపింది. ఇక బూట్లంటారా, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా మారథాన్‌ను వట్టి కాళ్లతోనే గెలిచాడు.

రెండో జవాబు:
బికిలా కథను సగంలో ఆపేశారు. 1964లో టోక్యోలో ఆయన బూట్లు వేసుకుని పరుగెత్తి, రోమ్‌లోకంటే సుమారు మూడు నిమిషాలు తక్కువ సమయంలో గెలిచాడు. పైగా ఆయనకు ఒన్ని నిస్కానెన్ అనే శిక్షకుడు ఉండేవాడు. కండక్టర్ల సంగతీ అంత తేలిక కాదు. తర్వాత మోరిస్ బృందమే యూనిఫాం కొలతలు తీసి చూస్తే, డ్రైవర్ల నడుము చుట్టుకొలతలు చిన్న వయసులోనే ఎక్కువగా ఉన్నాయని తేలింది. అంటే ఇద్దరి ఒంటితీరూ మొదటినుంచే వేరై ఉండవచ్చు, తేడా అంతా మెట్ల వల్లనే వచ్చిందనలేము.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఏడాదిపాటు ఇంట్లో దండీలు తీస్తూ, సరిగానే తీస్తున్నానని నమ్మాను. ఒక శిక్షకుడు నా వెన్ను పొడవునా కర్ర ఆనించి తీయమన్నాడు. మొదట తలకూ వీపుకూ పిరుదులకూ కర్ర చక్కగా ఆనింది. నాలుగోసారికి నడుము కిందికి జారి, కర్రకూ ఒంటికీ మధ్య పిడికిలి పట్టేంత సందు ఏర్పడింది. ఆ తప్పు నా కంటికి ఎన్నటికీ కనిపించేది కాదు.

మొదటి జవాబు ఇచ్చినవారు:
యూనిఫాం మాట ఒప్పుకుంటున్నాను. కానీ మీకు కావలసివచ్చింది ఒక జత కళ్లు, ఒక కర్ర. ఏడాది పొడవునా జీతం పుచ్చుకునే శిక్షకుడు కాదు. కండరం ఎదగాలంటే భారం క్రమంగా పెరగాలి, అది ఇనుముదా ఒంటిదా అన్నది కండరానికి అనవసరం. గోడకు చేతులానించి మొదలుపెట్టి, బల్ల అంచుకు, ఆపై నేలకు, చివరికి కాళ్లు ఎత్తుమీద పెట్టి తీసేదాకా వెళ్లడమంటే భారం పెంచడమే. ఖర్చు లేని పద్ధతికి అసలు లోటు మరోచోట ఉంది: నేలమీద చేసేవన్నీ దాదాపు తోసే కదలికలే, వీపుకు కావలసినది లాగడం. వేలాడడానికి ఒక గట్టి కడ్డీ గానీ లాగడానికి రబ్బరు పట్టీ గానీ ఉండాలి. ఆ ఒక్కటీ కొనవలసిందే. గుండెజబ్బు ఉన్నవారు మాత్రం ముందు సలహా అడగవలసినది వైద్యుణ్ణి.

రెండో జవాబు ఇచ్చినవారు:
డబ్బు కట్టామన్న బాధతోనైనా వెళ్లేవారు ఉంటారు. నేను ఆ కోవకే చెందుతాను.

ప్రశ్న అడిగినవారు:
ఇది చదువుతూనే లేచి ప్రయత్నించాను. గోడ దగ్గర 12 తేలికగా వచ్చాయి. బల్ల అంచు మీద ఏడోదానికి చేతులు వణికాయి. కర్ర పట్టి చూడమని ఇంట్లోవాళ్లను అడుగుతాను.