అంశమాపన (టైట్రేషన్) లెక్కలో జవాబు సరిగ్గా సగమే వస్తోంది, పొరపాటు ఎక్కడ?

ప్రశ్న

నమస్కారం. మోల్, గాఢతలకు సంబంధించిన సూత్రాలన్నీ నాకు కంఠతా వచ్చు, కానీ ఏ లెక్కకు ఏ సూత్రం వాడాలో తేల్చుకోలేకపోతున్నాను. నిన్న చేసిన లెక్క ఇది. 5.3 గ్రాముల అనార్ద్ర (నీటి అణువులు లేని) సోడియం కార్బొనేట్‌ను నీటిలో కరిగించి, ద్రావణం ఘనపరిమాణాన్ని 250 మి.లీ.కు చేర్చారు. అందులో నుంచి 25 మి.లీ. తీసుకొని మిథైల్ ఆరెంజ్ సూచికతో అంశమాపనం చేస్తే 20 మి.లీ. హైడ్రోక్లోరిక్ ఆమ్లం పట్టింది. ఆ ఆమ్లం మోలారిటీ ఎంత?

సోడియం కార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 106 గ్రాములు కనుక 0.05 మోల్‌లు, అంటే 0.2 మోలార్ (లీటరుకు 0.2 మోల్‌ల) ద్రావణం అని రాశాను. తరువాత ఎం1వి1 = ఎం2వి2 సూత్రంలో (ఎం అంటే మోలారిటీ, వి అంటే ఘనపరిమాణం) విలువలు వేస్తే 0.25 వచ్చింది. పుస్తకం వెనుక జవాబు 0.5 అని ఉంది. మూడుసార్లు సరిచూసుకున్నాను, గుణకార భాగహారాల్లో తప్పేమీ కనిపించలేదు. దయచేసి వివరించగలరు.

మొదటి సమాధానం

మీ గుణకార భాగహారాల్లో నిజంగానే తప్పు లేదు. తప్పంతా ఆ సూత్రాన్ని ఇక్కడికి తీసుకురావడంలో ఉంది. మోలారిటీని లీటర్లతో గుణిస్తే వచ్చేది మోల్‌ల సంఖ్య. కాబట్టి ఎం1వి1 = ఎం2వి2 అని రాసినప్పుడు మనం చెబుతున్నది "రెండు వైపులా మోల్‌లు సమానం" అనే ఒక్క మాటే. గాఢ ద్రావణానికి నీరు కలిపి పలుచన చేసినప్పుడు ద్రావితం ఎక్కడికీ పోదు కనుక ఆ మాట ఎప్పుడూ నిజం. రెండు వేర్వేరు పదార్థాలు చర్య జరిపినప్పుడు మాత్రం అది నిజమో కాదో సమతుల్య సమీకరణమే చెప్పాలి.

ఇక్కడ ఒక మోల్ సోడియం కార్బొనేట్ పూర్తిగా తటస్థం కావడానికి రెండు మోల్‌ల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావాలి. సూత్రాన్ని పక్కన పెట్టి మోల్‌ల వెంట నడిచి చూడండి. 250 మి.లీ.లో 0.05 మోల్‌లు ఉంటే, మీరు తీసుకున్న 25 మి.లీ.లో 0.005 మోల్‌ల కార్బొనేట్ ఉంటుంది. దానికి కావలసిన ఆమ్లం 0.01 మోల్. అది 20 మి.లీ.లో, అంటే 0.020 లీటర్లలో ఉంది కనుక, 0.01ని 0.020తో భాగిస్తే 0.5 మోలార్ వస్తుంది.

మోల్ అనేది బరువు కాదు, ఒక లెక్కింపు. 2019 నుంచి అమలులో ఉన్న నిర్వచనం ప్రకారం ఒక మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. కణాల లెక్క అన్నాక "వేటి మోల్‌లు?" అన్న ప్రశ్న తప్పదు. అందుకే ప్రతి పంక్తిలోనూ "0.005 మోల్‌లు" అని ఊరుకోకుండా "0.005 మోల్‌ల సోడియం కార్బొనేట్" అని పూర్తిగా రాయమని నా విద్యార్థులను పట్టుబట్టి మరీ కోరుతాను. అలా రాసిన చేయి కార్బొనేట్ మోల్‌లను ఆమ్లం మోల్‌లతో సమానం చేయడానికి వెనుకాడుతుంది.

రెండవ సమాధానం

ఎం1వి1/ఎన్1 = ఎం2వి2/ఎన్2 అనే రూపం వాడితే ఇంత వివరణ అవసరం లేదు కదా? ఎన్1, ఎన్2 అంటే సమతుల్య సమీకరణంలోని మోల్‌ల సంఖ్యలు. కార్బొనేట్‌కు ఎన్1 = 1, ఆమ్లానికి ఎన్2 = 2 వేస్తే ఒక్క పంక్తిలో 0.5 వస్తుంది. పరీక్షలో సమయం కూడా కలిసివస్తుంది.

మూడవ సమాధానం

ఆ సూత్రం సరైనదే. కానీ ఎన్1, ఎన్2లను తారుమారు చేసి రాసేవారిని నేను చాలామందిని చూశాను. పైగా రెండు పదార్థాలూ కచ్చితంగా సరిపోయినప్పుడే అది పనిచేస్తుంది. ఒకటి మిగిలిపోయే లెక్కలో, అంటే ముందుగా అయిపోయే పదార్థాన్ని (పరిమిత కారకాన్ని) గుర్తించవలసిన చోట, మళ్లీ మోల్‌ల దగ్గరకే రావాలి.

ప్రశ్న అడిగినవారు గమనించవలసిన మాటలు లెక్కలోనే మరో రెండు ఉన్నాయి. మొదటిది "అనార్ద్ర". పది నీటి అణువులున్న సోడియం కార్బొనేట్ స్ఫటికాలు ఇచ్చి ఉంటే మోలార్ ద్రవ్యరాశి 286 గ్రాములు అవుతుంది, అదే 0.05 మోల్‌లకు 14.3 గ్రాములు తూచాలి. రెండవది "మిథైల్ ఆరెంజ్". సూచిక పేరును చాలామంది అలంకారంగా భావించి దాటేస్తారు. ఇదే అంశమాపనాన్ని ఫినాఫ్తలీన్‌తో చేస్తే, కార్బొనేట్ బైకార్బొనేట్‌గా మారేసరికే రంగు పోతుంది. అక్కడి వరకు నిష్పత్తి ఒకటికి ఒకటే, పట్టే ఆమ్లం 10 మి.లీ. మాత్రమే. అంటే మీరు వాడిన సమానత్వం ఆ చర్యకు సరిపోయేది.

ప్రశ్న అడిగినవారు

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ పద్ధతిలోనే మరో లెక్క ప్రయత్నించాను. ద్రవ్యరాశి శాతం 98, సాంద్రత మి.లీ.కు 1.84 గ్రాములు ఉన్న సల్ఫ్యూరిక్ ఆమ్లం. 100 గ్రాముల ద్రావణంలో 98 గ్రాముల ఆమ్లం, అంటే సరిగ్గా ఒక మోల్ ఉంది. ఆ ద్రావణం ఘనపరిమాణం 54.35 మి.లీ. కనుక మోలారిటీ 18.4 వచ్చింది. కానీ మొలాలిటీ 500 వస్తోంది. ఇంత తేడా ఉండవచ్చా?

మొదటి సమాధానం ఇచ్చినవారు

రెండూ సరైనవే. మోలారిటీలో హారం ద్రావణం ఘనపరిమాణం, మొలాలిటీలో హారం ద్రావణి ద్రవ్యరాశి. మీ 100 గ్రాములలో నీరు 2 గ్రాములే కనుక, ఒక మోల్‌ను 0.002 కిలోగ్రాములతో భాగిస్తున్నారు. పలుచని జలద్రావణాలలో ఈ రెండు విలువలూ దగ్గరగా ఉంటాయి కాబట్టే విద్యార్థులు ఒకదాని బదులు మరొకటి వాడినా తప్పు బయటపడదు.

ఇక ఇదే ఆమ్లంతో 500 మి.లీ. ఒక మోలార్ ద్రావణం తయారు చేయడానికి ఎంత కావాలో కట్టండి. ఇక్కడ మీ ఎం1వి1 = ఎం2వి2 నిస్సంకోచంగా వాడవచ్చు, 27.2 మి.లీ. వస్తుంది. ప్రయోగశాలలో చేసేటప్పుడు మాత్రం ఉపాధ్యాయుల సమక్షంలోనే, ఆమ్లాన్ని నీటిలోకి కొద్దికొద్దిగా కలుపుతూ పోయాలి తప్ప, నీటిని ఆమ్లంలోకి పోయకూడదు. ద్రావణం చల్లారిన తరువాతే ఫ్లాస్కు మీది 500 మి.లీ. గీత వరకు నీరు చేర్చాలి.