వెనక కాళ్లు పడిపోయిన కుక్క: సేవ చేయాలా, ఇంజక్షన్ ఇచ్చి పంపించేయాలా?

సుబేదారి
మా బన్నీ డాష్‌హండ్, ఆరేళ్లు. టీకాలన్నీ వేయించాం. మొన్న రాత్రి సోఫా మీద నుంచి దూకి కుయ్యిమంది. పొద్దున్నే చూస్తే వెనక కాళ్లు రెండూ ఈడ్చుకుంటూ వస్తోంది. వెన్నుపూసల మధ్య డిస్క్ జారి ఉంటుందన్నారు డాక్టర్. మా ఆయన హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయిద్దామంటారు. మామయ్యేమో "మూగజీవిని హింస పెట్టకండి, పంపించేయండి" అంటారు. మీరైతే ఏం చేస్తారు?

కాజీపేట
అక్కా, చెప్పడానికి మనసు రావట్లేదు గానీ మీ మామయ్య మాటలో న్యాయం ఉంది. మా ల్యాబ్రడార్ కుక్కను రెండు నెలలు అలాగే ఉంచాం. తుంటి దగ్గర పుండు పడి ఎముక కనబడింది. ఇద్దరం డ్యూటీకి పోతే మధ్యాహ్నమంతా మూత్రంలోనే పడి ఉండేది. ప్రేమ ఉంటే సరిపోదు, ఇంట్లో మనిషి ఉండాలి.

హంటర్ రోడ్
అన్నా, మీ బాధ అర్థమైంది. కానీ రెండో రోజే ఆ నిర్ణయం వద్దు. అక్కా, ముందు ఒక్కటి తేల్చుకోండి: వెనక కాలి వేళ్లలో దానికి నొప్పి తెలుస్తోందా? డాక్టర్ ఫోర్సెప్స్‌తో (పట్టకారుతో) వేలిని గట్టిగా నొక్కి చూస్తారు. కాలు లాక్కుంటే చాలదు, మెదడుకు కబురు అందకపోయినా కాలు లాక్కుంటుంది. తల తిప్పి చూడాలి, అరవాలి, కరవబోవాలి. నొప్పి తెలిసే కుక్కల్లో ఆపరేషన్ తర్వాత పదింట తొమ్మిది దాకా నడుస్తాయి. తెలియకపోతే ఆపరేషన్ చేసినా సుమారు సగమే, అప్పుడిక ఆలస్యం అసలే వద్దు. మామూలు ఎక్స్‌రేలో వెన్నుపాము మీద ఒత్తిడి కనబడదు, ఎమ్మారై కావాలి. మన వరంగల్ మామునూరులో వెటర్నరీ కాలేజీ ఉంది, ఒకసారి కనుక్కోండి.

మాదీ డాష్‌హండే. ఆపరేషన్‌కు స్తోమత లేదు, నొప్పి మాత్రం తెలుస్తోంది. అందుకే ఆరు వారాలు బోనులో ఉంచాం. లేచి తిరగనివ్వలేదు, ఎత్తుకోవాలంటే ఛాతీ కిందొక చెయ్యి, తుంటి కిందొక చెయ్యి. పంతొమ్మిదో రోజు గిన్నె చప్పుడు విని తోక కొస కొద్దిగా ఊపింది. మా అమ్మ గిన్నె పట్టుకునే ఏడ్చేసింది.

అన్నిటికన్నా కష్టం మూత్రం. చుక్కలు చుక్కలుగా కారుతుంటే పోస్తోందనుకుంటాం, నిజానికి మూత్రసంచి నిండి పొంగుతుంటుంది. పొట్ట కింద చేత్తో తడిమితే నీళ్ల బెలూన్‌లా తగులుతుంది. రెండు వైపులా అరచేతులు పెట్టి మెల్లగా నొక్కాలి, రోజుకు మూడు నాలుగు సార్లు. డాక్టర్ చేత చూపించుకున్నాకే చేయండి, రాకపోతే బలవంతం చేయొద్దు. నాలుగు గంటలకోసారి కుక్కను రెండో పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నడక మొదలయ్యాక గ్రానైట్ మీద కాళ్లు జారుతుంటే కొత్తవాడ దర్రీ పరిచాం.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్, డైక్లోఫెనాక్ వేయకండి. స్టెరాయిడ్, నొప్పి మందు కలిపి ఇస్తే కడుపులో పుండ్లు పడతాయి, డాక్టర్‌ను అడగండి. టీకా లేని కుక్కైతే ఇంకా జాగ్రత్త. రేబిస్‌లోనూ కాళ్లు పడిపోతాయి, నోటి దగ్గర చెయ్యి పెట్టొద్దు.

కాజీపేట
మూత్రం నొక్కి తీయాలని మాకెవరూ చెప్పలేదన్నా. చివరి వారం దాని పొట్ట రాయిలా ఉండేది, ఇప్పుడు అర్థమవుతోంది. అయినా ఇద్దరూ బయటికి పోయే ఇల్లైతే నా మాట అదే. పగలు చూసేవాళ్లు లేకుండా ఉంచుకోవద్దు.

సుబేదారి
మామయ్య రిటైరయ్యారు, పగలు ఇంట్లోనే ఉంటారు. ఇవాళ పరీక్ష చేయించాం. కుడి కాలి వేలు నొక్కగానే గుర్రుమని డాక్టర్ చేతి మీదికి వచ్చింది. మామయ్య బయటికి వచ్చి "నొప్పి తెలుస్తోంది కదా, పదండి" అన్నారు. రాత్రికే బయల్దేరుతున్నాం. మూత్రం తీయడానికి జనగామలో ఆపాలా?

హంటర్ రోడ్
బయల్దేరే ముందు తీస్తే చాలు, ఆపక్కర్లేదు. ఒళ్లో పెట్టుకోకండి, నడుము వంగుతుంది. అట్టపెట్టెలో చదునైన పలక, దాని మీద దుప్పటి వేసి పడుకోబెట్టండి.