సాయంత్రం సీరియల్ తప్పిపోతే మళ్లీ చూసే దారేంది? పాత టీవీ, డీటీహెచ్ బాక్సు

బిట్రగుంట బండి:
అందరికీ నమస్కారం. మాది కావలి పక్కన పల్లె. అమ్మ బర్రెల పాలు పిండి, కేంద్రంలో పోసి ఇంటికొచ్చేలోపల 7 గంటల సీరియలూ, 7:30 సీరియలూ రెండూ అయిపోతా ఉండాయి. ఒకటి స్టార్ మాలో, ఇంకోటి జీ తెలుగులో. ఇంట్లో ఉండేది పాత డబ్బా టీవీ, వెనక ఎరుపు, తెలుపు, పసుపు పిన్నులే. డీటీహెచ్ బాక్సుకి యూఎస్‌బీ పోర్టు ఉండాది. వైఫై లేదు, నా ఫోన్‌లో రోజుకి 1.5 జీబీ. యూట్యూబ్‌లో ఫుల్ ఎపిసోడ్ అని ఉంటే నొక్కతా, తీరా చూస్తే 3 నిమిషాల ప్రోమో. మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మకి గంటసేపు తీరిక దొరుకుతుంది. అప్పుడు చూపించాలంటే ఎట్ట?

ఉలవపాడు మామిడి:
ఏ ఛానల్‌ది ఏ యాప్‌లో ఉంటుందో తెలిస్తే సగం పని అయినట్టే. స్టార్ మావి జియోహాట్‌స్టార్‌లో (2025 ఫిబ్రవరి దాకా హాట్‌స్టార్ అనేవాళ్లం, అదే ఇది), జీ తెలుగువి జీ5లో, ఈటీవీవి ఈటీవీ విన్‌లో, జెమినివి సన్ నెక్స్ట్‌లో. నీకు కావాల్సినవి మొదటి రెండే. జీ5లో చందాదార్లకి టీవీలో రాకముందే ఎపిసోడ్ పెడతారు. డబ్బు కట్టేముందు నీ రీచార్జి ప్యాకులో ఏ యాప్ అయినా కలిసి వస్తుందేమో చూడు, చాలామందికి వచ్చి ఉంటుంది, వాడుకోరు.

యూట్యూబ్‌లో వెతకడం మానెయ్. ఎవరో ఎక్కించినవాటిలో బొమ్మ కుడిఎడమలు తిరగేసి, చుట్టూ అంచు కట్టి, గొంతు మార్చి పెడతారు. పట్టుబడగానే తీసేస్తారు, వరసలో ఒక భాగం పోతుంది. పెద్దవాళ్లకి ఆ గొంతులతో తల తిరుగుతుంది కూడా.

డేటా సంగతి. యాడ్స్ తీసేస్తే ఎపిసోడ్ 20, 22 నిమిషాలు. 480పీలో (మధ్యరకం క్లారిటీ) ఒక్కోటి సుమారు 200 నుంచి 250 ఎంబీ, రెండూ కలిపి అర జీబీ. ఆరోజు మిగిలిన డేటా అర్ధరాత్రి 12కి పోతుంది కాబట్టి రాత్రి 11 ప్రాంతంలో డౌన్‌లోడ్ పెట్టు. సెట్టింగ్స్‌లో 'వైఫైలో మాత్రమే' అన్నది తీసెయ్యకపోతే డౌన్‌లోడ్ మొదలే కాదు, ఎక్కువమంది ఆగిపోయేది అక్కడే. దించుకున్నది ఆ యాప్‌లోనే ఆడుతుంది, గడువు కూడా ఉంటుంది, వారాలు దాచొద్దు.

పెన్నా ఒడ్డు:
యాప్ మంచిదే గానీ ఆమెని 6 అంగుళాల ఫోన్‌లో చూడమనడం నాకు నచ్చలేదు. ఈ ఇంటికి బాక్సు రికార్డింగే నయం. బాక్సు ఎలాగూ ఆ మూడు పిన్నులతో టీవీకి కలిసే ఉంది, కొత్తగా కొనేది పెన్‌డ్రైవ్ ఒక్కటే.

ముందు ఒక సంగతి తేల్చుకో: యూఎస్‌బీ పోర్టు ఉన్నంతమాత్రాన రికార్డింగ్ ఉన్నట్టు కాదు. రిమోట్‌పైన ఎర్ర చుక్కతో రికార్డ్ బటన్ ఉందా, మెనూలో రికార్డింగ్స్ అని వస్తుందా చూడు. కొన్ని కంపెనీలు అడిగితేనే ఆన్ చేస్తాయి.

32 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, మామూలు ఛానల్ అయితే గంటకి సుమారు 1 జీబీ, హెచ్‌డీ అయితే 3 జీబీ పైనే. మరీ చవకది తేవద్దు, రాసే వేగం లేక బొమ్మ గడులు గడులుగా ఆగుతుంది. మొదటిసారి పెట్టగానే బాక్సు ఫార్మాట్ చేస్తానంటుంది. అందులో పెళ్లి ఫోటోలు ఏవైనా ఉంటే పోతాయి, ముందే తీసిపెట్టుకో. రికార్డయినది తాళం పడి ఉంటుంది కాబట్టి కంప్యూటర్లో గానీ వేరే బాక్సులో గానీ ఆడదు. బాక్సు పాడై మార్చినా అంతే.

గైడ్‌లో (బాక్సు చూపించే ప్రోగ్రాముల పట్టికలో) సీరియల్ పేరుమీద నిలబడి, ఒక్కరోజుకి కాకుండా సిరీస్ మొత్తానికి పెట్టు. టీవీ కట్టేసినా ఫరవాలేదు. బాక్సుని మాత్రం రిమోట్‌తో ఆపాలి, ఎర్ర లైటు వెలుగుతుండాలి. గోడ స్విచ్ కట్టేస్తే రికార్డింగ్ లేదు. మన ఇళ్లలో పడుకునేముందు అన్ని స్విచ్‌లూ తీసేసే అలవాటు ఉంటుంది, ఆ బోర్డు దగ్గర కాగితం అంటించు. కరెంటు పోతుంటే బాక్సు ఒక్కదాన్నే ఇన్వర్టర్ ప్లగ్గులో పెట్టు, టీవీలాగా ఎక్కువ కరెంటు లాగదు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి వాయుగుండాల కాలం. జోరువాన ఉంటే సిగ్నల్ తెగి మధ్యలో ముక్కలు పోతాయి. ఆ రోజుల్లో పోయిన భాగానికి మాత్రం పైన అన్న చెప్పిన యాప్ వాడుకో.

సింగరాయకొండ:
ఫోన్‌ని ఆ టీవీకి కలపాలని ఎవరైనా చెబితే తొందరపడొద్దు. తక్కువ ధర ఫోన్లలో చాలావాటికి చార్జింగ్ పెట్టే సీ పిన్నులోంచి బొమ్మ బయటికి రాదు. టీవీకి తగిలించి యాప్‌లు ఆడించే స్టిక్ కొంటే హెచ్‌డీఎంఐ నుంచి ఏవీకి (నీ టీవీ వెనక ఉండే ఆ మూడు పిన్నులకి) మార్చే డబ్బా కావాలి. షాపులో దానికి తిరగేసింది, ఏవీ నుంచి హెచ్‌డీఎంఐది, చేతిలో పెడుతుంటారు, రెండూ చూడ్డానికి ఒకటే. పైన రాసింది చదివి తీసుకో. స్టిక్‌కి దాని అడాప్టరే వాడాలి, అర ఆంపియర్ ఇచ్చే యూఎస్‌బీ పోర్టుకి పెడితే మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. పైగా నీ హాట్‌స్పాట్ డేటా అంతా అదే తాగేస్తుంది.

బిట్రగుంట బండి:
పెన్నా అన్నా, రికార్డ్ బటన్ ఉండాది, పెట్టినా. 7 గంటలది బాగా పడింది. 7:30 ది మొదటి 5 నిమిషాలు లేదు, నేరుగా మధ్యలో మొదలయింది. రెండురోజులూ అంతే.

పెన్నా ఒడ్డు:
పెన్‌డ్రైవ్ తప్పు కాదు తమ్ముడూ. సీరియల్ కాస్త ఆలస్యమైనా చివర తెగకుండా బాక్సు అదనంగా 5 నిమిషాలు కలుపుకుంటుంది. నీ రెండూ వేరువేరు ఛానళ్లు, బాక్సులో ఛానల్ పట్టే ట్యూనర్ ఒక్కటే. మొదటిది 7:35కి వదిలితేగానీ రెండో ఛానల్‌కి పోలేదు. రికార్డింగ్ సెట్టింగ్స్‌లో చివర కలిపే సమయాన్ని 0 చెయ్. దానివల్ల మొదటి సీరియల్ చివర ఎప్పుడైనా అర నిమిషం తెగితే, అది ఎక్కువగా రేపటి ప్రోమోనే అయి ఉంటుంది. అసలు కథే తెగుతుంటే 0 బదులు 1 పెట్టు.

బిట్రగుంట బండి:
0 పెట్టినా అన్నా. ఈరోజు రెండూ నిండుగా పడినాయి. గోడ స్విచ్ మీద కాగితం కూడా అంటించినా.