షోలే క్లైమాక్స్: గబ్బర్ చావాలా, జైలుకు పోవాలా?

ఎడిట్‌బల్ల: 2025 డిసెంబరులో 4కె ప్రింటుతో వచ్చిన షోలేలో, 1975లో సెన్సార్ ఒప్పుకోని ముగింపు మళ్లీ చేరింది. మాజీ పోలీసు ఠాకూర్, తన కుటుంబాన్ని చంపిన బందిపోటు గబ్బర్‌ని చంపేస్తాడు. ఇన్నేళ్లూ చూసింది పోలీసులు వచ్చి ఆపే ముగింపు. కథకు ఏది అతుకుతుంది?

నా ఓటు చంపేదానికే. హోలీ దాడిలో తుపాకీ దగ్గర్లోనే ఉన్నా ఠాకూర్ తీయడు. తర్వాత ఫ్లాష్‌బ్యాక్: గబ్బర్ రెండు కత్తులెత్తగానే కట్. నరకడం చూపించరు. శాలువా జారిపోయి ఖాళీ చొక్కా చేతులు గాలికి ఊగుతాయి, అంతే. అక్కణ్ణుంచి ఆయనకు మిగిలిన ఆయుధం కాళ్లే. బూట్ల అడుగున మేకులు పెట్టించి, తీరా సమయానికి ఖాకీ చొక్కాని దింపితే ఎట్లా?

నేలటికెట్టు: ఒప్పుకోనండీ. గబ్బర్ ఠాకూర్‌ని చంపలేదు, చేతులు తీసి బతకనిచ్చాడు. పోలీసు ముగింపులోనూ అవే మేకుల బూట్లతో గబ్బర్ చేతులు నలగ్గొడతాడు. చేతులకు చేతులు, లెక్క సరి. పైగా ఠాకూర్ ఒకప్పటి పోలీసు.

ఎడిట్‌బల్ల: మరి ఇంటిల్లిపాదినీ కాల్చేసిన లెక్కో? చిన్నపిల్లాడిని కూడా వదల్లేదు కదా. "ఇనుమే ఇనుమును కోస్తుంది" అని ఇద్దరు దొంగల్ని జీతానికి పెట్టుకున్నప్పుడే ఆయన చట్టం గడప దాటాడు. ప్రాణాలతో పట్టివ్వాలన్న షరతు పెట్టింది కోర్టు కోసం కాదు.

ప్రొజెక్షన్‌గది: పోలీసు ముగింపు అతుకులా కనిపించడానికి కారణం ఉంది. ఎమర్జెన్సీ రోజులు, రిలీజు ఆగస్టు 15. సోవియట్ యూనియన్‌లో ఉన్న సంజీవ్‌కుమార్‌ని (ఠాకూర్ వేషధారి) రప్పించి హడావిడిగా మళ్లీ తీశారు. వచ్చే ఆఫీసరుకి ఆ సీన్లో చట్టం గుర్తుచేయడం తప్ప వేరే పనే లేదు.

ఇంకో మాట. నిడివి చూసి "నా దగ్గరున్నది అన్‌కట్ (సెన్సార్ కోతల్లేనిది)" అని తేల్చకండి. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, పాల్ (PAL) అనే పాత టీవీ పద్ధతి వీడియో 25, కాబట్టి బొమ్మ కాస్త వేగంగా నడుస్తుంది. అంటే 204 నిమిషాల అన్‌కట్ పాల్ డిస్కులో దాదాపు 196 నిమిషాలకే అయిపోతుంది. కట్ అయిన 198 నిమిషాల ప్రింటు కన్నా పొట్టిదన్నమాట! చివరి రీలు వేసి చూడటమే దారి.

నేలటికెట్టు: పాత వీడియోలో పైనా కిందా బొమ్మ ఎక్కువ కనిపిస్తోంది. కొత్తదాంట్లో కోశారా?

ప్రొజెక్షన్‌గది: ఇప్పుడు కోసింది కాదు. 70 ఎంఎం కెమెరా ఖర్చు భరించలేక 35 ఎంఎంలో తీసి పెద్దది చేశారు. 4:3 (వెడల్పు:ఎత్తు) బొమ్మని 2.2:1 చేస్తే ఎత్తులో దాదాపు 40 శాతం పోతుంది. 1975లో 70 ఎంఎం థియేటర్లో కనిపించింది ఆ వెడల్పాటి బొమ్మే.

అసలు నెగటివ్‌కి వెనిగర్ సిండ్రోమ్ పట్టింది. వేడికీ తేమకీ అసిటేట్ ఫిల్ము పుల్లటి వాసనొచ్చి, కుంచించుకుపోయి, వంకర్లు తిరుగుతుంది. అందుకే ఇంటర్‌పాజిటివ్‌ల (నెగటివ్ నుంచి తీసిన నకళ్ల) వంటి తర్వాతి తరం మూలాల మీద ఆధారపడ్డారు. ఒక షాటుకీ ఇంకో షాటుకీ గ్రెయిన్ (ఫిల్ము మీది సన్నటి చుక్కల) తేడా కనిపిస్తే సెన్సార్ కత్తెరని అనుమానించకండి.

ఎడిట్‌బల్ల: సరే. కానీ నేలటికెట్టు గారూ, చంపాక ఠాకూర్ ఏడుస్తాడే, ఆ ఏడుపు మీ ముగింపులో ఎక్కడ పెడతారు?

నేలటికెట్టు: పెట్టలేను. ఆ ఒక్కటీ మీదే.