లదాఖ్‌లో ఊరివాళ్ల ఇంట్లో ఉండటం: రుంబక్ వెళ్లినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

గోదారి_గాలి:
ఆగస్టులో అమ్మానాన్నలతో లేహ్ వెళ్తున్నాం. హోటళ్లు వద్దు, హెమిస్ నేషనల్ పార్క్‌లోని రుంబక్‌లో ఎవరింట్లోనైనా ఉందామని ఉంది. తిండి, బాత్రూమ్ సంగతేంటి? అమ్మకి అదే టెన్షన్.

కొండదారి:
వెళ్లండి, బాగుంటుంది. పట్టుమని పదిళ్లు లేని ఊరు, వచ్చినవాళ్లని వంతులవారీగా ఇళ్లకి పంపుతారు కాబట్టి ఫలానా ఇల్లే కావాలంటే కుదరదు. రాత్రి వంటింట్లోనే అందరూ కింద కూర్చుంటారు, స్క్యూ అని గోధుమపిండి ముద్దని బొటనవేలితో నొక్కి చిన్న చిన్న బిళ్లలు చేసి దుంపలతో ఉడికిస్తారు, మీ అమ్మగారు కూడా ఓ చెయ్యి వేస్తే మాటలు వాటంతటవే కలుస్తాయి, హిందీ కాస్త వస్తే చాలు. వెన్న వేసిన ఉప్పు టీ మాత్రం ఒక్క గుక్క తాగితే మళ్లీ నింపేస్తారు, వద్దనుకుంటే కప్పు నిండుగానే వదిలేయండి.

బెజవాడ_బుల్లోడు:
టాయిలెట్ సంగతి ఎవరూ చెప్పరేం? నీళ్లుండవు బ్రో, కన్నంలో మట్టి వెయ్యడమే, అదే తర్వాత పొలానికి ఎరువు. టిష్యూలు పట్టుకెళ్లు. క్యాష్ లేహ్‌లోనే తీసుకో.

సీతాకోక:
లేహే 3,500 మీటర్ల ఎత్తు, రుంబక్ ఇంకా పైన. పెద్దవాళ్లున్నారు కాబట్టి ఆ ఎత్తుకి ఒళ్లు అలవాటుపడేలా ముందు లేహ్‌లో కనీసం రెండు మూడు రోజులు ఆగండి, డాక్టర్‌ని అడిగాకే టికెట్లు. ఇంకోటి, అక్కడ మంచు చిరుతలు గొర్రెల్ని, మేకల్ని చంపితే ఊరివాళ్లు వాటిమీద పగబట్టేవాళ్లు, ఆ నష్టం పూడాలనే ఈ హోమ్‌స్టేలు మొదలయ్యాయి, అందుకే రేటు దగ్గర మరీ బేరాలాడకండి.

గోదారి_గాలి:
థాంక్సండీ. గోంగూర పచ్చడి పట్టుకెళ్తే తింటారా వాళ్లు?

కొండదారి:
కారం తగ్గించి పట్టుకెళ్లండి!