లార్డ్ అంటే నిజంగా ‘అన్నదాత’ అనేనా?

మాటలమూట: ఇంగ్లీషు ‘లార్డ్’ అసలు రూపం హ్లాఫ్‌వెయర్డ్ అట, హ్లాఫ్ అంటే రొట్టె కాబట్టి లార్డ్ అంటే మన అన్నదాతే అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. నాకు భలే నచ్చింది. మీరేమంటారు?

గోదారిగట్టు: సగమే ఒప్పుకుంటానండీ. హ్లాఫ్ రొట్టే, ఇప్పటి ‘లోఫ్’ అదే. కానీ వెయర్డ్ అంటే ఇచ్చేవాడు కాదు, కాపలా కాసేవాడు. ఇచ్చేవాడు అనాలనుకుంటే వాళ్ళకి మాట లేక కాదు, పాత కవులు రాజుని ‘బంగారం ఇచ్చేవాడు’ అనే పిలిచారు. మా తాతయ్యగారింట్లో గాదె ఉన్న గది తాళంచెవి ఆయన మొలతాడుకే ఉండేది, పండగ పూట కూడా నానమ్మ వెళ్ళి అడిగితేనే తీసేవారు. హ్లాఫ్‌వెయర్డ్ అనగానే నాకు ఆ తాళంచెవే గుర్తొస్తుంది.

పాతబంగారం: మరీ లాగుతున్నారు. 9వ శతాబ్దానికే అది హ్లాఫోర్డ్‌గా అరిగిపోయింది, ‘ప్రభువు’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘డొమినస్’కి బదులుగా దేవుడికీ అదే వాడారు. అప్పటికి అందులో రొట్టె ఎవరికి కనిపిస్తుంది? నూనె అంటే నువ్వుల నెయ్యి, అయినా వేరుశనగ నూనె అని హాయిగా అంటున్నాం కదా.

గోదారిగట్టు: నూనె మాట బాగుంది, తర్వాతి కాలానికి ఒప్పుకుంటా. నేనంటున్నది అంతకు ముందు సంగతి. ఇంగ్లండ్‌లోని కెంట్ రాజు ఎథెల్‌బర్ట్ చట్టాలు సుమారు 600 నాటివి, వాటిలో మామూలు రైతు దగ్గర ఉండే పనివాణ్ణి ‘హ్లాఫేటా’ అన్నారు, అంటే రొట్టె తినేవాడు. అతన్ని చంపితే 6 షిల్లింగులు కట్టాలి. ఎవరి తిండి తింటున్నాడన్నదే ఆ మనిషి పేరైపోయింది, మనం ‘ఫలానావాళ్ళ ఉప్పు తిన్నవాడు’ అన్నట్టు. అది విన్నవాళ్ళకి రొట్టె కనిపించకుండా ఎలా ఉంటుంది?

మాటలమూట: మరి లేడీ?

గోదారిగట్టు: హ్లాఫ్‌డియె. రెండో ముక్క విడిగా ఎక్కడా దొరకలేదు, పిండిముద్దని చెప్పే ‘డో’కి చుట్టమనీ, మొత్తం మాటకి రొట్టెపిండి పిసికేది అని అర్థమనీ పండితులు ఎక్కువగా చెప్తారు. నాకదే సబబుగా ఉంది. ఇప్పుడు మూడూ పక్కపక్కన పెట్టి చూడండి, పిసికేది ఒకరు, తినేది ఒకరు, కాపలా ఇంకొకరిది. అన్నదాత అనే పేరు ఇవ్వాల్సి వస్తే నేను హ్లాఫ్‌డియెకే ఇస్తాను. మీకొచ్చిన మెసేజ్‌లో ఆవిడ ఊసే లేదు.

పాతబంగారం: హ్లాఫేటా సంగతి నాకు తెలీదు. 600 నాటికైతే మీ మాటే నిజమనిపిస్తోంది, 9వ శతాబ్దం విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను.